ఇంగ్లండ్‌లో దావా గెలవడం ఒక ఎత్తు, వసూలు మరో ఎత్తు

లెస్టర్‌లో ఒక బిల్డర్ వంటగది బాగుచేస్తానని 4,000 పౌండ్లు అడ్వాన్స్ పుచ్చుకుని, పాత టైల్స్ పీకేసి, మళ్లీ మొహం చూపించలేదనుకుందాం. ఎక్కడ కేసు వేయాలి? హైకోర్టు అని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. లక్ష పౌండ్లు దాటని డబ్బు దావాను అక్కడ వేయనివ్వరు. ఇంగ్లండ్, వేల్స్‌లో ఈ పని కౌంటీ కోర్టుది. ఊరికొకటిగా ఉన్న ఆ కోర్టులన్నిటినీ 2014 ఏప్రిల్‌లో ఒకే కోర్టుగా కలిపేశారు. 10,000 పౌండ్ల లోపు కాంట్రాక్టు వివాదాలు మామూలుగా అందులోని ‘స్మాల్ క్లెయిమ్స్ ట్రాక్’లో, అంటే చిన్న దావాల విభాగంలో నడుస్తాయి. స్కాట్లండ్‌లో దారి వేరు: అక్కడ షెరిఫ్ కోర్టు, పరిమితి 5,000.

ఈ ట్రాక్‌లో నాకు బాగా నచ్చేది ఖర్చుల నియమం. ఓడిపోయినా అవతలి లాయరు బిల్లు మన నెత్తిన పడదు, మరీ అడ్డగోలుగా ప్రవర్తిస్తే తప్ప. గెలిచినా మన లాయరు ఫీజు దాదాపు రాదు. కాబట్టి చాలామంది ఆన్‌లైన్‌లో దావా వేసి, సొంతంగానే వాదించుకుంటారు. మన 4,000 పౌండ్ల దావాకు ఫీజు 205, విచారణ దాకా వెళ్తే మరో 346. గెలిస్తే ఇవి అవతలివాడే కట్టాలి. 2024 మే నుంచి చాలా డబ్బు దావాల్లో ముందు ఫోన్‌లో గంటసేపు ఉచిత మధ్యవర్తిత్వానికి కూర్చోవడం తప్పనిసరి.

ఇంతవరకు బాగానే ఉంది. ఆలస్యం సంగతే చెప్పుకోలేం. కౌంటీ కోర్టు సరిగా పనిచేయడం లేదని 2025లో పార్లమెంటు న్యాయ కమిటీయే తేల్చింది.

అంతకంటే పెద్ద తలనొప్పి తీర్పు తర్వాత మొదలవుతుంది. బిల్డర్ డబ్బు కట్టకపోతే కోర్టు తనంతట తాను కదలదు. బెయిలిఫ్‌ను (వసూలుకు వెళ్లే కోర్టు ఉద్యోగిని) పంపమనో, జీతంలోంచి కోత పెట్టమనో మళ్లీ మనమే ఫీజు కట్టి దరఖాస్తు పెట్టుకోవాలి. విచిత్రమేమిటంటే, దావా వేసేటప్పుడు గుమ్మం ఎక్కనివ్వని హైకోర్టు ఇక్కడ అక్కరకొస్తుంది. తీర్పు మొత్తం 600 పౌండ్లు, ఆపైన ఉంటే వసూలును హైకోర్టు అధికారులకు అప్పగించవచ్చు. 5,000 దాటితే సామాను జప్తుకు ఆ దారి తప్ప మరోటి లేదు. గెలిచినవాడిని ఇన్ని కిటికీల చుట్టూ తిప్పడం ఎందుకు? తీర్పుతోపాటే వసూలు ప్రక్రియ కూడా మొదలవ్వాలనేది నా వాదన.

అవతలివాడి మీద ఒత్తిడి లేకపోలేదు. నెలలోగా కట్టకపోతే ఆ తీర్పు, ఇలాంటి తీర్పులను నమోదుచేసే బహిరంగ రిజిస్టర్‌లో ఆరేళ్లు ఉండిపోతుంది, ఇంటి లోన్ పుట్టడం గగనమవుతుంది. కానీ ఇప్పటికే నాలుగు తీర్పులు మూటగట్టుకున్నవాడికి ఐదోది లెక్కా? చిన్న రుసుము కడితే ఆ రిజిస్టర్‌లో ఎవరి పేరైనా వెతకవచ్చు. బిల్డర్‌ది లిమిటెడ్ కంపెనీ అయితే కంపెనీలను నమోదుచేసే ప్రభుత్వ సంస్థ కంపెనీస్ హౌస్ వెబ్‌సైట్‌లో దాని పరిస్థితి ఉచితంగానే కనిపిస్తుంది. దావా ఫీజు కట్టకముందే ఈ రెండూ చూసుకోవాలి. మూతపడబోతున్న కంపెనీ మీద గెలిస్తే, 4,000తోపాటు ఫీజులకు కట్టిన ఆ 551 కూడా పోయినట్టే.