శాంతిసేనకూ శ్రీపెరుంబుదూరుకూ సంబంధం లేదా?

రాజీవ్ గాంధీని శ్రీపెరుంబుదూరులో చంపిన మే 21 దగ్గర పడిందంటే చాలు, వాట్సాప్ గ్రూపుల్లో ఒక పోస్టు తిరుగుతుంది. అందులో ఉండేది క్లుప్తంగా ఇదీ: "మన సైన్యం శ్రీలంక వెళ్లింది ఆ దేశం పిలిస్తేనే, అదీ తమిళులను కాపాడడానికి. పులులను పాముకు పాలు పోసినట్టు పెంచాం, ఎటూ కాటేసేవే. సైన్యం 1990లోనే వచ్చేసింది, రాజీవ్‌ను చంపింది 1991లో, దానికీ దీనికీ లింకు లేదు. ఉందనేవాళ్లు హంతకులను వెనకేసుకొస్తున్నట్టే."

పులులంటే శ్రీలంకలో ప్రత్యేక తమిళ దేశం కోసం తుపాకీ పట్టిన ఎల్టీటీఈ, శాంతిసేన అంటే 1987లో అక్కడికి వెళ్లిన మన సైన్యం. పులులు పాములెలా అయ్యాయో అడగను గానీ, మిగతా ఒక్కోటీ చూద్దాం.

పిలిస్తేనే వెళ్లారన్నది కాగితం మీద నిజమే. 1987 జూలై 29న కొలంబోలో లంక అధ్యక్షుడు జయవర్ధనే, మన ప్రధాని రాజీవ్ ఒప్పందం మీద సంతకాలు పెట్టారు. పులులు పెట్టలేదు, వాళ్ల చేత ఆయుధాలు దింపించే బాధ్యత మాత్రం మన సైన్యం నెత్తిన పడింది. అంతకు దాదాపు రెండు నెలల ముందే, జూన్ 4న, మన విమానాలు లంక అనుమతి లేకుండా ఉత్తరాన తమిళులుండే జాఫ్నా మీద ఆహారం జారవిడిచి వచ్చాయి. ఆ ఒత్తిడిలో వచ్చిన పిలుపు అది. అక్కడివాళ్లకు ఎంత ఇష్టమో సంతకాల మర్నాడే తెలిసింది, గౌరవ వందనం స్వీకరిస్తున్న రాజీవ్ మీద ఒక లంక నావికుడు తుపాకీ మడమతో దాడి చేశాడు. ప్రేమదాస అధ్యక్షుడయ్యాక 1989లో మన సైన్యాన్ని వెళ్లిపొమ్మన్నాడు, పైగా మనవాళ్లతో పోరాడమని పులులకే ఆయుధాలిచ్చాడు.

కాపాడడానికి వెళ్లారన్న మాట దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే అసలు కథంతా ఇక్కడే ఉంది. మొదట్లో జాఫ్నా జనం మన జవాన్లకు దండలు వేసి స్వాగతం పలికారు, అది అబద్ధం కాదు. సెప్టెంబరులో తిలీపన్ అనే పులుల నాయకుడు నల్లూరు కోవెల దగ్గర నిరాహారదీక్షకు కూర్చున్నాడు, డిమాండ్లు ఢిల్లీకే. పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా పన్నెండో రోజున చనిపోయాడు. రోజూ వచ్చి చూసిన జనానికి కోపం ఎవరి మీదకు మళ్లి ఉంటుందో వేరే చెప్పాలా? అక్టోబరు మొదట్లో లంక నౌకాదళం పట్టుకున్న 17 మంది పులులను కొలంబో తీసుకుపోబోతుంటే వాళ్లు సైనైడ్ మింగారు, 12 మంది పోయారు. ఆ తర్వాత పులులు రెచ్చిపోయారు. అక్టోబరు 10న మన సైన్యం పులుల మీద ఆపరేషన్ పవన్ పేరుతో దాడి మొదలుపెట్టింది. జాఫ్నా యూనివర్సిటీ ఆవరణలో రాత్రిపూట హెలికాప్టర్లలోంచి దిగిన సిఖ్ లైట్ ఇన్‌ఫాంట్రీ జవాన్లు 30 మందిలో 29 మంది అక్కడే నేలకొరిగారు. పది రోజుల తర్వాత, దీపావళి నాడు, మన సైనికులు జాఫ్నా ఆసుపత్రిలోకి చొరబడి కాల్చారు. డాక్టర్లు, నర్సులు, రోగులు కలిసి 60 మందికి పైగా చనిపోయారు. ఎదురుకాల్పుల్లో పోయారని సైన్యం అంది, బతికి బయటపడ్డవాళ్లు అలా చెప్పలేదు. 1989 ఆగస్టులో వల్వెట్టితురైలో మళ్లీ పదుల సంఖ్యలో పౌరులు చనిపోయారు. అది పులుల అధినేత ప్రభాకరన్ సొంత ఊరు.

జవాన్లను తిట్టడానికి ఇవన్నీ చెప్పడం లేదు. ఎవరు పులో ఎవరు మామూలు మనిషో తెలియని ఊళ్లో, భాష రాకుండా, ముందురోజు దాకా మన దేశమే శిక్షణ ఇచ్చినవాళ్లతో యుద్ధం చేయమని పంపారు వాళ్లను. సుమారు 1200 మంది తిరిగి రాలేదు.

ఇక ఎటూ కాటేసేవాళ్లే అన్న జోస్యం. పులులు కర్కోటకులే, సాటి తమిళ నాయకులనే వేటాడి చంపారు, 1990 జూన్‌లో మరో తమిళ సంస్థ నాయకుడు పద్మనాభను మద్రాసులోనే కాల్చేశారు. అయితే ప్రభాకరన్ 1987 జనవరి దాకా మద్రాసులోనే ఉన్నాడు. 1982లో పాండీబజార్లో తుపాకులు పేలినా అది వాళ్లలో వాళ్ల గొడవ. భారత నాయకుడొకరిని చంపాలన్న పథకం ఆపరేషన్ పవన్‌కు ముందు ఎక్కడుందో ఆ పోస్టు రాసినవాళ్లు చూపించాలి.

తేదీల తర్కం వినడానికి బలంగానే ఉంటుంది. చివరి దళం 1990 మార్చి 24న వచ్చేసింది, మరి పద్నాలుగు నెలలు ఆగి చంపడమెందుకు? రాజీవ్ మళ్లీ సైన్యాన్ని పంపిస్తాడేమోనని. 1990 ఆగస్టులో ఒక పత్రికకిచ్చిన ఇంటర్వ్యూలో రాజీవ్ సైన్యాన్ని వెనక్కి రప్పించడాన్ని తప్పుపట్టారు, ఒప్పందాన్ని సమర్థించారు. 1991 ఎన్నికల్లో ఆయన మళ్లీ ప్రధాని అయ్యేలా కనిపించారు. మే 21 సాయంత్రం విశాఖలో విమానం మొరాయిస్తే ప్రయాణం ఆగిపోయినట్టే అనుకున్నారు, తీరా అది బాగైంది, తనే నడుపుకుంటూ మద్రాసు వెళ్లారు. రాత్రి పది దాటాక శ్రీపెరుంబుదూరులో దండ పట్టుకుని నిలబడ్డ అమ్మాయే ఒంటికి కట్టుకున్న బాంబు పేల్చింది. ఆమె ఫొటో, అదే బాంబుకు చనిపోయిన ఫొటోగ్రాఫర్ కెమెరాలో చెక్కుచెదరకుండా దొరికింది.

ఇదంతా నా ఊహ కాదు. 1999 మే 11న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో హత్యకు కారణంగా కనిపించేది శాంతిసేన చేసిన పనుల మీద పగ, అది మళ్లీ వస్తుందన్న భయం. ప్రభుత్వాన్ని బెదిరించడం కోసమో జనాన్ని భయపెట్టడం కోసమో చేసింది కాదంటూ ఉగ్రవాద నిరోధక చట్టం టాడా కింద వేసిన శిక్షలను కొట్టేసింది కూడా. చట్టం లెక్కలో ఉగ్రవాదం కాదన్నమాట, సభకొచ్చి ముక్కలైపోయినవాళ్ల ఇళ్లలో ఆ తేడా ఎవరికి కావాలి?

కారణం చెబితే సమర్థించినట్టే అనేవాళ్లు ఆ తీర్పు చివర ఏముందో చూడాలి. పగ ఎక్కడ పుట్టిందో రాసిన ఆ న్యాయమూర్తులే హత్యానేరం కింద నలుగురికి ఉరి ఖాయం చేశారు, ముగ్గురికి యావజ్జీవం వేశారు. వాళ్లు కూడా హంతకులను వెనకేసుకొచ్చారా?