నీళ్ల లెక్క తేలేది వడ్ల కాంటా దగ్గరే

యాసంగి వస్తోందంటే చాలు, వరి తగ్గించండి, పప్పులూ నూనెగింజలూ వేయండి అని తెలంగాణలో అధికారులు ఊరూరా చెబుతారు. రైతువేదికలో మీటింగు, గోడకు ఫ్లెక్సీ, ఇద్దరు ముగ్గురికి శాలువాలు. మీటింగు అయ్యాక రైతు ఇంటికెళ్లి వరి నారు పోసుకుంటాడు. అవగాహన లేదని అతన్నే తప్పుపడతారు. నాకు మాత్రం అతని లెక్కే సరైనదనిపిస్తుంది. సర్కారు చెప్పే మాట కంటే పెట్టే ఖర్చునే అతను నమ్ముతున్నాడు.

ఆ ఖర్చు ఎటు పోతోందో చూడండి. బోరుకు కరెంటు 2004 నుంచి ఉచితం. 2018 జనవరి నుంచి తెలంగాణలో అది 24 గంటలైంది. 45 కిలోల యూరియా బస్తా 266 రూపాయల 50 పైసలు, 50 కిలోల డీఏపీ 1,350. 2010లో మిగతా ఎరువులకు పోషకాల లెక్కన సబ్సిడీ తెచ్చినవాళ్లు యూరియా జోలికి మాత్రం పోలేదు. యూరియా అంటే నత్రజనే కదా, వరిలా నత్రజని ఎంత ఎక్కువగా మింగే పంటైతే అంత లాభమన్నమాట. వీటి మీద సన్నవడ్లకు క్వింటాలుకు 500 బోనస్.

అన్నిటికంటే పెద్ద సబ్సిడీ ఊళ్లో మహిళా సంఘాలు నడిపే వడ్ల కొనుగోలు కేంద్రం, అంటే ఐకేపీ సెంటరే. అక్కడ కష్టాలు లేవని కాదు. తేమ 17 శాతానికి దిగేదాకా ఆరబోయాలి, గోనె సంచులు చాలవు, లారీ రాదు, మిల్లరు తరుగు తీస్తాడు. అకాల వాన పడితే కుప్ప మీద టార్పాలిన్ కప్పి రాత్రంతా కావలి ఉండాలి. అయినా ఎప్పటికైనా కొంటారు. ఎకరాకు 24 క్వింటాళ్లు పండితే, 2025-26 దొడ్డు వడ్ల మద్దతు ధర 2,369 చొప్పున దాదాపు 57 వేలు చేతికొస్తాయి.

అదే శనగ ఏడు క్వింటాళ్లు పండిందనుకుందాం. 2025-26 యాసంగి పంటకు మద్దతు ధర 5,875 చొప్పున 41 వేలు. పెట్టుబడి బాగా తక్కువ, నీళ్లూ తక్కువే కాబట్టి మిగులు తేడా మనం అనుకున్నంత ఉండదు. కానీ ఆ ధరకు కొనేదెవరు? మద్దతు ధర పథకంలో శనగ కొనుగోలు మామూలుగా దిగుబడిలో 25 శాతం దగ్గర ఆగిపోతుంది. మిగతాది వ్యాపారి చెప్పిన రేటే. పైగా 2023 డిసెంబరు నుంచి దాదాపు రెండేళ్లు సుంకం లేకుండా పసుపు బఠాణీ దిగుమతి చేసుకున్నారు. అది శనగకు పోటీ సరుకు. పొద్దుతిరుగుడు వేయమని ఇక్కడ చెబుతుంటే, 2025 మే చివర్లో కేంద్రం ముడి వంటనూనెల మీద దిగుమతి సుంకాన్ని 20 నుంచి 10 శాతానికి దించింది. చల్క (తేలికపాటి ఎర్ర) నేలలో పల్లి వేద్దామంటే కోతులు, అడవి పందులు. ఈ సమస్య ఏ పంటమార్పిడి ప్రణాళికలోనూ గట్టిగా కనిపించదు గానీ, ఊళ్లో అడిగితే మొదట చెప్పేది దాని గురించే.

మాట నమ్మి మారినవాళ్లకు ఏం జరిగిందో కూడా రైతుకు గుర్తుంది. యాసంగి వడ్లు ఎండలకు మిల్లులో నూకగా విరుగుతాయి కాబట్టి ఉప్పుడు బియ్యం చేస్తారు. 2021లో అది తీసుకోబోమని కేంద్రం అంది, యాసంగిలో కొనుగోలు కేంద్రాలు ఉండవని రాష్ట్రం అంది. చాలామంది వరి తగ్గించారు, కొందరు బీడు పెట్టుకున్నారు. తీరా 2022 ఏప్రిల్‌లో మొత్తం మేమే కొంటామని రాష్ట్రం ప్రకటించింది. మాట వినకుండా వరి వేసినవాడు గట్టెక్కాడు, విన్నవాడు నష్టపోయాడు.

భూగర్భజలాలదీ ఇదే కథ. 24 గంటల కరెంటు వచ్చాక ఆటోస్టార్టర్లు తీసేయమని కరెంటోళ్లు ఊళ్లు తిరిగారు. కరెంటు రాగానే మోటరు దానంతటదే ఆడుతుంది, మడి నిండి పొర్లినా ఆపే దిక్కుండదు. మడిని ఆరనిచ్చి మళ్లీ తడి పెడితే నీరూ మిగులుతుంది, పొలం నుంచి వెలువడి వాతావరణాన్ని వేడెక్కించే మీథేనూ తగ్గుతుంది. కానీ మిగిలిన నీటికి పైసా రానప్పుడు, రోజూ గట్టు మీదికెళ్లి చూసుకునే ఓపిక ఎవరికుంటుంది?

ఇంతా చేసి పండించిన బియ్యం ఏమవుతోంది? భారత ఆహార సంస్థ (ఎఫ్‌సీఐ) గోదాముల్లో నిల్వలు పేరుకుపోయి, 2024-25లో 52 లక్షల టన్నులు ఇథనాల్ కంపెనీలకు కేటాయించారు, కిలో 22 రూపాయల 50 పైసలకు. ఆ బియ్యం సేకరణకు, నిల్వకు అయిన ఖర్చులో దాదాపు సగం ప్రభుత్వం నెత్తినే పడింది. ఇథనాల్‌ను మక్కలతోనూ (మొక్కజొన్నతోనూ) చేస్తారు. చౌకగా బియ్యం దొరికితే మక్కలకు గిరాకీ తగ్గదా? 2025 వానాకాలం మక్కలు మద్దతు ధర 2,400కి దిగువనే అమ్ముడుపోయాయి. వరికి బదులు వేయమన్న పంటను వరి బియ్యంతోనే దెబ్బకొట్టారు.

ఉచిత కరెంటు తీసేయాలని నేననను. బోర్ల మీద బతికే జిల్లాల్లో అది రైతు ప్రాణం. కానీ బోరు కింద వరి మానుకున్న ఎకరాకు, ఆదా అయిన కరెంటు ఖర్చులో సగమైనా నగదుగా ఎందుకివ్వరు? సన్నాల బోనస్‌కు పెడుతున్న డబ్బులో కొంత యాసంగి శనగకూ పల్లికీ మళ్లించి, వడ్లు కొన్న ఐకేపీ సెంటర్లోనే, ఎకరాకు ఇంతే అన్న పరిమితి లేకుండా కొంటే చాలు, ఫ్లెక్సీల అవసరం ఉండదు. ఆ జీవో విత్తనం వేయకముందు, సెప్టెంబరులోనే రావాలి. కోతలయ్యాక మార్చిలో కొనుగోళ్లు ప్రకటిస్తే అప్పటికే చిన్న రైతు శనగలు అప్పుల కింద వ్యాపారి గోదాముకు చేరిపోయి ఉంటాయి, మద్దతు ధర ఆ వ్యాపారికే దక్కుతుంది.