యూరో కప్పు గారికి

మహారాజశ్రీ ఫుట్‌బాల్ యూరో కప్పు గారికి నమస్కరించి వ్రాయునది. ఉభయకుశలోపరి అని రాద్దామంటే ఇటువైపు కుశలం లేదు. నిన్న మధ్యాహ్నమంతా తమరి 1976 ఫైనల్ ముందు కూర్చున్నాను, ‘పూర్తి మ్యాచ్’ అని రాసుకున్న ఒక యాప్‌ని నమ్మి. చెకోస్లోవేకియా 2-0తో ముందుకెళ్లడం, పశ్చిమ జర్మనీ ఒకటి కొట్టడం, 89వ నిమిషంలో హోల్జెన్‌బైన్ స్కోరు సమం చేయడం, ఆపైన అరగంట ఎక్స్‌ట్రా టైమ్, అన్నీ ఓపిగ్గా చూశాను. ఇక పెనాల్టీలు అనగానే స్క్రీన్ నల్లబడి ‘మీకు ఇవి కూడా నచ్చవచ్చు’ అంది. నేను కూర్చున్నదే చెకోస్లోవేకియాని గెలిపించిన ఆ ఆఖరి పెనాల్టీ, పనెంకా కిక్కు కోసం!

యాప్‌ని తిట్టుకున్నాను గానీ, పాపం దాన్ని అని ఏం లాభం? మ్యాచ్ ఎక్కడ ముగియాలో తమరికే ఏనాడూ తేలలేదు.

1968 గుర్తుందా? నేపుల్స్‌లో సెమీఫైనల్, ఇటలీ, సోవియట్ యూనియన్ 120 నిమిషాలు ఆడినా 0-0. అప్పుడు తమరు చేసిన ఘనకార్యం నాణెం ఎగరేయడం. అదీ జనం ముందు కాదు, కెప్టెన్లని లోపలికి తీసుకెళ్లి. ఇటలీ కెప్టెన్ ఫకెట్టి చెప్పిందే పడింది, ఇటలీ ఫైనల్‌కి వెళ్లిపోయింది. సరే, రూలు రూలే అనుకుందాం. మరి మూడు రోజులకు ఫైనల్లో యుగోస్లావియాతో 1-1 అయితే ఆ నాణెం ఏమైంది? రెండు రోజులాగి మళ్లీ ఆడించావు కదా! ఇటలీ 2-0తో గెలిచింది. ఫైనల్‌కి రెండో మ్యాచ్, సెమీఫైనల్‌కి బొమ్మా బొరుసా? సోవియట్ వాళ్లు రెండు గంటలు పరిగెత్తింది నాణెం కోసమా? ముందే ఎగరేస్తే స్నానం చేసి ఇంటికెళ్లేవాళ్లు.

తర్వాత గోల్డెన్ గోల్ అన్నావు, ఎక్స్‌ట్రా టైమ్‌లో ముందు గోల్ కొట్టినవాళ్లదే మ్యాచ్ అని. 2000 ఫైనల్లో ఫ్రాన్స్ మీద ఇటలీ ఇంజురీ టైమ్ దాకా గెలుస్తూనే ఉంది, సమమైంది, ఫ్రాన్స్ ఆటగాడు ట్రెజెగె ఒక్కటి కొట్టగానే దుకాణం బంద్. 2004కి సిల్వర్ గోల్, అంటే ఎక్స్‌ట్రా టైమ్ మొదటి సగం అయ్యేసరికి ముందున్నవాళ్లదే గెలుపు. దాంతో గ్రీసు సెమీస్‌లో చెక్ వాళ్లని ఇంటికి పంపింది, ఆ వెంటనే నువ్వు దాన్నీ పారేశావు. బంగారం అయింది, వెండి అయింది, ఇత్తడి ఎందుకు మిగిల్చావో.

24 జట్లని పిలిచి, గ్రూపుల్లో 36 మ్యాచ్‌లు ఆడించి, చివరికి ఎనిమిదింటినే ఇంటికి పంపిస్తావే, ఆ సంగతి ఇప్పుడెత్తను. 2021లో ఆడి 2020 అని పేరు పెట్టుకున్న సంగతి కూడా.

రాత్రి ఆ కిక్కు వేరేచోట చిన్న క్లిప్పుగా దొరికింది. పశ్చిమ జర్మనీ హొనెస్ కొట్టింది బార్ మీదుగా ఎటో పోయింది. పనెంకా పరిగెత్తుకొచ్చాడు, గోల్‌కీపర్ మైయర్ పక్కకి దూకేశాడు, బంతి మాత్రం ఏ తొందరా లేనట్టు మధ్యలోంచి తేలుతూ లోపలికెళ్లింది. ఎనిమిదిసార్లు చూశాను. ఏం చేయను, సిగ్గులేదు.

ఇట్లు,
120 నిమిషాలు పోగొట్టుకున్నవాడు

తా.క: జవాబు రాయాలా వద్దా అన్నది తేలకపోతే, పద్ధతి నీకు తెలిసిందే. ఈసారైనా అందరి ముందు ఎగరెయ్యి.