రికార్డుల జోడింపు లెక్కలకే, కోతలకు కాదు

జాతీయ ఆహార భద్రత చట్టం కింద ఏ రాష్ట్రంలో ఎందరికి రాయితీ ధాన్యం అందాలన్నది నేటికీ 2011 జనగణన ఆధారంగానే నిర్ణయమవుతోంది. 2021లో జరగవలసిన జనగణన వాయిదా పడుతూ వచ్చి, ఇప్పుడు దేశంలోని అత్యధిక ప్రాంతాలకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా పెట్టుకుంది. ఈలోగా పుట్టిన పిల్లలు, పెళ్లయి వేరుపడిన కుటుంబాలు, వలస వెళ్లినవారు జనన మరణాల నమోదులోనో, అంగన్‌వాడీ రికార్డుల్లోనో, బడి హాజరులోనో, ఉపాధి హామీ మస్టర్లలోనో ఉండనే ఉన్నారు. అయితే ఏ శాఖ లెక్క ఆ శాఖ దగ్గరే ఉండిపోతోంది. ఉపాధి పనులు తగ్గిన మండలాల్లో బడి మానేసే పిల్లలు పెరుగుతున్నారా అన్న ప్రశ్నకు జవాబు కావాలంటే రెండు శాఖల రికార్డులను జోడించక తప్పదు. డెన్మార్క్ 1981లోనే ఇంటింటికీ తిరగకుండా, పూర్తిగా రిజిస్టర్ల నుంచే జనగణన చేయగలిగింది. మనకు ఇంటింటి లెక్క అవసరం తీరిపోదు గానీ, రెండు జనగణనల నడుమ ఏర్పడే ఖాళీని ఈ జోడింపు చాలావరకు పూడ్చగలదు. కనుక దీన్ని మేము మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాం.

మా అభ్యంతరం ఒక్కటే, కానీ గట్టిది: ఈ జోడింపును ఎవరి సాయాన్నీ కోయడానికి వాడకూడదు. పలు శాఖల రికార్డులను కలిపిన ‘సమగ్ర వేదిక’ను తెలంగాణ ప్రభుత్వం రేషన్ కార్డుల ఏరివేతకు వాడుకుంది. పేర్లు, చిరునామాలు పోల్చి, రెండుచోట్ల ఉన్నది ఒకే మనిషి అని సాఫ్ట్‌వేర్ తేల్చే పద్ధతి అది. ఇంటిపేరును ఒకచోట ముందు, మరోచోట వెనుక, ఇంకోచోట పొడి అక్షరంగా రాసే మన రికార్డుల్లో ఆ పోలిక తప్పే అవకాశం ఎంతో ఉంది. వేరొకరి కారు పొరపాటున పేదవాడి పేరున పడితే, అతన్ని అనర్హుడిగా లెక్కగట్టడంతో అతని బియ్యం ఆగిపోతాయి. రద్దయిన దాదాపు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో తిరిగి పరిశీలించాలని 2022లో సుప్రీంకోర్టు ఆదేశించవలసి వచ్చింది.

గణాంకాల్లో నూటికి ఒకటి రెండు పోలికలు తప్పినా మండలం సగటు పెద్దగా మారదు; అదే తప్పు అర్హత నిర్ణయంలో జరిగితే ఒక ఇంట్లో పొయ్యి వెలగదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం కూడా ఈ తేడాను గుర్తించింది. గణాంక అవసరాలకు అది ఇచ్చిన మినహాయింపు, ఆ సమాచారం ఆధారంగా ఫలానా వ్యక్తి విషయంలో నిర్ణయం తీసుకోనంతవరకే వర్తిస్తుంది.

అందువల్ల రికార్డులను జోడించే పని సంక్షేమ శాఖల చేతిలో కాక, గణాంకాలు రూపొందించే అర్థగణాంక శాఖ చేతిలో ఉండాలి. పేరు, ఆధార్ సంఖ్య తొలగించి సంకేత సంఖ్య మాత్రమే ఉంచాలి. జోడించిన వివరాలు వ్యక్తులవారీగా ఏ శాఖకూ తిరిగి వెళ్లకూడదు. పోలికలో దొర్లిన తప్పుల శాతాన్ని ప్రతి నివేదికలోనూ వెల్లడించాలి. ఇక ఎవరి కార్డునైనా రద్దు చేయదలిస్తే, నోటీసు ఇచ్చి, ఇంటికి వెళ్లి విచారించి, ఆ కుటుంబం చెప్పేది రాతపూర్వకంగా నమోదు చేశాకే చేయాలి.