లాఠీగారికి దండం పెట్టి రాయునది

శ్రీయుత లాఠీగారికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం, అంటే ఇంతవరకూ మీరు మా వీపుల మీద పడలేదని అర్థం. మీ క్షేమ సమాచారాలు రోజూ పేపర్లో చూస్తూనే ఉన్నాను. మీ పేరెత్తకుండా మీ గురించి రాయడంలో మా విలేకరులను మించినవాళ్లు లేరండీ. 'పోలీసులు తమదైన శైలిలో విచారించగా నేరం ఒప్పుకున్నాడు' అని ఒక్క ముక్క రాస్తారు, ఆ శైలి ఏమిటో మా ఇంట్లో మూడో తరగతి పిల్లకి కూడా తెలుసు. గుంపు మీద పడితే 'స్వల్ప లాఠీఛార్జి'. ఎవరికి స్వల్పమో రాయరు.

మొన్న ఖాళీగా ఉండి చట్టం తిరగేశాను. 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత, 43వ సెక్షన్ (పాత సీఆర్‌పీసీలో 46). అరెస్టు చేయాలంటే మనిషిని ముట్టుకోవాలి లేదా కదలనివ్వకుండా ఆపాలి, తనంతట తాను లొంగిపోతే అదీ అక్కర్లేదట. ఎదురు తిరిగినా పారిపోబోయినా అవసరమైన బలం వాడొచ్చు. సరే, కత్తి పట్టుకుని మీదికొచ్చేవాణ్ణి కానిస్టేబుల్ బతిమాలి తీసుకెళ్లాలని నేనూ అనను. కానీ దొరికాక? పారిపోకుండా ఉండటానికి ఎంత కావాలో అంతకు మించి కట్టడి చేయొద్దని ఈ కొత్త సంహితలోనే 46వ సెక్షన్ చెబుతోంది. ఎన్నిసార్లు చదివినా అరికాళ్ల ప్రస్తావన కనపడలేదండీ. చట్టం తాకమంది, మీరు తగిలారు.

అరికాళ్లంటే తెనాలి గుర్తొచ్చింది. 2025 మే నెలాఖరులో బయటికొచ్చిన ఆ వీడియోలో ముగ్గురు కుర్రాళ్లు, నడిరోడ్డు, మీరు. వాళ్లు కానిస్టేబుల్ మీద దాడి చేశారని పోలీసుల మాట. చేశారనే అనుకుందాం. రోడ్డు మీద కాళ్లు చాపించి కూర్చోబెట్టిన మనిషి ఎటు పారిపోతాడు అని అడిగితే చాలు, రౌడీలకు హక్కులేంటి, గంజాయి బ్యాచ్‌ని వెనకేసుకొస్తావా అని నా మీద పడ్డారు.

మా బాబాయైతే ఆ వీడియోని ఫ్యామిలీ గ్రూపులో పెట్టి, 'దండం దశగుణం భవేత్' అని రాసి, కింద మూడు దండం బొమ్మలు పెట్టాడు. మీ వీరాభిమాని లెండి. 2019 డిసెంబరులో చటాన్‌పల్లి దగ్గర మీ పెద్దన్న తుపాకీగారు దిశ హత్యాచారం కేసులో నలుగురు నిందితుల కథ ముగించినప్పుడు, పోలీసుల మీద పూలు చల్లుతున్న జనాన్ని టీవీలో చూసి కళ్లు తుడుచుకున్నాడు. చంపాలనే కాల్చారని సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ 2022లో తేల్చి, పది మంది పోలీసుల మీద హత్య కేసు నడపాలంది కదా, ఆ రిపోర్టు గ్రూపులో పెడితే 'అంత పెద్ద పీడీఎఫ్ నా ఫోన్లో ఓపెన్ కావట్లేదురా' అన్నాడు.

మొన్న సంక్రాంతికి ఆయన కొడుకు కోడిపందేల బరి దగ్గర దొరికాడు. స్టేషన్ వరండాలోనే కోటింగ్ పడింది, తొడల మీద వంకాయరంగు చారలు. రాత్రి పదకొండింటికి బాబాయి ఫోను. 'ఒరేయ్, పట్టుకుంటే పట్టుకోవాలిగానీ కొట్టడానికి వీళ్లెవర్రా? ఇంకా కోర్టు ఏమీ తేల్చందే! సుప్రీంకోర్టు ఏదో చెప్పిందన్నావే, బసు కేసు, ఎప్పటిదది?' 1996 బాబాయ్, అన్నాను. అరెస్టు మెమో రాయాలి, ఇంట్లోవాళ్లకి చెప్పాలి, కస్టడీలో ఉన్నన్నాళ్లూ 48 గంటలకోసారి డాక్టరు చూడాలి, అన్నీ చెప్పాను. పాపం, పాలలెక్క పుస్తకంలో రాసుకున్నాడు. ప్రతి స్టేషన్లో కెమెరాలు పెట్టమని 2020లో అదే కోర్టు చెప్పింది, ఫుటేజీ అడుగు అన్నాను. మర్నాడు వెళ్లి అడిగితే ఆ పూట కరెంటు లేదన్నారట. ఎస్సైగారికి దండం పెట్టి కొడుకుని తెచ్చుకున్నాడు.

ఇంటికొచ్చాక గ్రూపులో ఆ పాత వీడియో, మూడు దండాలు డిలీట్ చేశాడు. అన్ని నెలలయ్యాక తన ఫోన్లో తప్ప ఇంకెవరి ఫోన్లోనూ పోవని నేను చెప్పలేదు.

ఇట్లు,
మీ పొడవుకి ఒక అడుగు అవతల నిలబడే పౌరుడు