మా మధ్య కుమ్మక్కు లేదు

కౌన్సెలింగ్‌లు, పెద్దమనుషుల పంచాయితీలు అన్నీ అయ్యాక కూడా కాపురం దారికి రాకపోతే నేను చెప్పే మందు ఒక్కటే. లాయరు లేకుండా విడాకుల కాగితాలు మీరే రాసుకోండి. ఆలుమగలను ఒకే టేబుల్ దగ్గర కూర్చోబెట్టి, ఒకే వాక్యానికి ఇద్దరి చేతా 'సరే' అనిపించే శక్తి ఈ లోకంలో ఇంక దేనికీ లేదు.

ఊరికే చెప్పడం లేదు. నా స్నేహితుడూ, అతని భార్యా (కాగితాల్లో ఆమె 1వ పిటిషనరు, అతను 2వ పిటిషనరు) ఈ పని మా ఇంట్లోనే చేశారు. నేను టైపిస్టుని. మొదట్లో టెన్షన్ పడ్డాను గానీ, 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం 13వ సెక్షన్ చదివాక ధైర్యం వచ్చింది. ఆ కోర్టులో లాయరుతో వాదించుకోవడం ఎవరికీ హక్కు కాదట. అంటే మేం చేస్తున్నది సాహసం కాదు, చట్టం పట్ల వినయం. (తర్వాత కౌంటర్ దగ్గర 'లాయరేరీ?' అని నలుగురు అడిగారు. మా వినయం వాళ్లకు నచ్చలేదు.)

హిందూ వివాహ చట్టం 13-బి కింద అడిగేవి మూడే ముక్కలు. ఏడాది పైగా విడిగా ఉంటున్నాం, కలిసి ఉండలేకపోయాం, విడిపోదామని ఒప్పుకున్నాం. మొదటి ముక్కకే రెండు ఆదివారాలు పోయాయి. విడిగా అంటే ఎప్పటి నుంచి? ఆమె సూట్‌కేసు సర్దుకుని వెళ్లిన రోజు నుంచి అని అతను. కాదు, అంతకు నాలుగు నెలల ముందు అతను హాల్లో పరుపు వేసుకున్న రాత్రి నుంచి అని ఆమె. ఒకే కప్పు కింద ఉన్నా భార్యాభర్తల్లా బతకకపోతే విడిగా ఉన్నట్టేనని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది కాబట్టి, పాయింటు ఆమెదే. ఆ మాట చదివి వినిపించాక అతను చాలాసేపు పలకలేదు.

"ఆ రోజు నాకు నడుం నొప్పి. నేల మీద పడుకుందామని," అన్నాడు చివరికి.

"అప్పుడే చెప్పొచ్చుగా మీరు," అంది ఆమె.

నేను కర్సర్ వంక చూస్తూ కూర్చున్నాను.

నగలు, డబ్బు, భరణం పావుగంటలో తేలిపోయాయి. మిక్సీకి మాత్రం రెండు గంటలు పట్టింది. దాని మధ్య జార్ ఎవరు పోగొట్టారన్నది చట్టానికి అక్కర్లేదని ఎంత చెప్పినా వినరే! ఆధార్‌లో ఆమె పేరు చివర ఒక హెచ్ ఉంది, శుభలేఖలో లేదు. దానికో 'అలియాస్' తగిలించాం. ఇక పెళ్లి జరిగిందనడానికి జంట ఫొటో కావాలి. విడిపోవడానికి పెళ్లి ఆల్బమ్ మొత్తం ఇద్దరూ పక్కపక్కన కూర్చుని తిరగేయాల్సి వచ్చింది.

అన్నిటికంటే నాకు నచ్చింది ఈ హిందూ వివాహ చట్టంలోనే 20వ సెక్షన్. పిటిషన్లో 'మా మధ్య ఎలాంటి కుమ్మక్కు లేదు' అని తప్పనిసరిగా రాయాలి. నాలుగు ఆదివారాలు కూడబలుక్కుని, తేదీలు సరిచూసుకుని, ఒకరి తప్పులు ఒకరు దిద్దుకుని, ఒకే పెన్నుతో పేజీ పేజీకీ సంతకాలు చేసి, కుమ్మక్కు లేదని ఇద్దరూ కలిసి ప్రమాణం చేశారు. నేను సాక్షిని. నిజంగానే లేదు. ఉండుంటే కాపురమే సాగేది కదా.

పిటిషన్ వేశాక ఆలోచించుకోమని చట్టం ఆరు నెలలు ఇస్తుంది. 18 నెలలు దాటకుండా మళ్లీ వచ్చి అదే మాట చెప్పాలి. తగిన కారణాలుంటే ఈ ఆరు నెలలు మాఫీ చేయొచ్చని సుప్రీంకోర్టు 2017లో అంది. అయితే దానికి ఇంకో అర్జీ, ఇంకో అఫిడవిట్, అంటే ఇంకో రెండు ఆదివారాలు. "వద్దులే, ఆగుదాం," అన్నారిద్దరూ ఒకేసారి. పెళ్లయ్యాక ఒక్క మాట మీద నిలబడటం అదే మొదటిసారి అనుకుంటా.

డిక్రీ వచ్చింది. చెరో కాపీ ఉచితంగా ఇవ్వాలని చట్టంలోనే ఉంది, ఇచ్చారు. ఇంటికొచ్చి చూస్తే, ఆమె పేరులో ఆ హెచ్ మళ్లీ ఎగిరిపోయింది. అక్షర దోషం దిద్దించడానికి ఇద్దరిలో ఎవరు అర్జీ పెట్టినా సరిపోతుందని చెప్పాను. ఆదివారం ఎన్నింటికి రమ్మంటారని ఇద్దరూ అడిగారు.