గోష్పదం దాటలేదనుకున్న రాణి: దిద్దాకు మంత్రగత్తె ముద్ర న్యాయమా?

హనుమంతుడిని తలచుకుంటూ మనం చదివే శ్లోకంలో 'గోష్పదీకృత వారాశిం' అన్న మాట ఉంది. సముద్రాన్ని ఆవు గిట్ట గుంటలా దాటేశాడని దాని అర్థం. కాశ్మీర్ చరిత్ర 'రాజతరంగిణి' రాసిన కల్హణుడు ఇలాంటి పోలికనే ఒక రాణికి వాడాడు. కాలు సరిగా లేని ఆమె ఆవు గిట్ట గుంట కూడా దాటలేదని అందరూ అనుకుంటే, శత్రు సముద్రాన్నే హనుమంతుడిలా దాటిందన్నాడు. ఆ రాణి దిద్దా. కానీ ఇవాళ ఆమె పేరు ఎక్కడ వినిపించినా ముందు వచ్చే మాట 'మంత్రగత్తె'. నాకిది అన్యాయం అనిపిస్తుంది.

కాశ్మీర్ పక్కనున్న కొండ రాజ్యం లోహరను ఏలిన సింహరాజు కూతురు ఆమె. తల్లి వైపు తాత ఉద్భాండపురాన్ని ఏలిన భీమ షాహి. భర్త, కాశ్మీర్ రాజు క్షేమగుప్తుడికి తాగుడు, జూదం, వేట తప్ప రాజ్యం పట్టలేదు. జనం అతన్ని 'దిద్దాక్షేముడు' అని పిలిచేవారు. అతని నాణేల మీద కూడా పేరుకు ముందు 'ది' అన్న అక్షరం ఉంటుంది.

958లో అతను జ్వరంతో చనిపోయాడు. కొడుకు అభిమన్యుడు పసివాడు. దిద్దా చితి ఎక్కడానికి సిద్ధపడితే మంత్రి ఫల్గుణుడు వెంటనే సరేనన్నాడట. అతని కూతురు కూడా క్షేమగుప్తుడి భార్యే. దిద్దా అడ్డు తొలగితే అతనికే లాభం. ఆఖరి క్షణంలో నరవాహనుడనే మరో మంత్రి ఆమెను ఆపాడు. అలా బతికి, కొడుకు పేరున పాలన చేపట్టింది. కొద్దికాలానికే క్షేమగుప్తుడి మేనల్లుళ్లు మహిమ, పాటలుడు తిరగబడ్డారు. లలితాదిత్యపుర బ్రాహ్మణులు వాళ్ల వైపు చేరితే, ఆమె ఆ బ్రాహ్మణులకు బంగారం పంచి ఆ కూటమిని విడగొట్టింది. కత్తి దూయకుండానే ఆ గండం గట్టెక్కింది.

ఆమెలో తప్పు లేదని నేను అనను. తనను బతికించిన నరవాహనుడినే తర్వాత అనుమానించింది; అతను ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ మరక పోదు. 972లో అభిమన్యుడు చనిపోయాక ముగ్గురు మనవళ్లు ఒకరి తర్వాత ఒకరు గద్దెనెక్కి, పదేళ్లలోపే పోయారు. దిద్దా మొదటి ఇద్దరినీ చేతబడితో, మూడోవాణ్ణి చిత్రహింసలతో చంపించిందని కల్హణుడు రాశాడు. కానీ ఆయన రాసింది ఆమె పోయిన సుమారు 145 ఏళ్లకు. హత్యే జరిగి ఉంటే హత్య అనండి, ఒప్పుకుంటాను. చేతబడిని చరిత్రగా ఎలా తీసుకుంటాం?

ఇంకో సంగతి కూడా చూడాలి. ఆమె మామ పర్వగుప్తుడు 949లో బాలరాజు సంగ్రామదేవుణ్ణి చంపి సింహాసనం ఎక్కినవాడు. కల్హణుడు అతన్నీ వదల్లేదు. మనమే అతన్ని మరిచిపోయి, కోడలి నేరాన్ని మాత్రం కథలు కథలుగా చెప్పుకుంటున్నాం.

సుమారు 980 నుంచి 1003 వరకు ఆమె తన పేరునే ఏలింది. మఠాలు, గుళ్లు, ఊళ్లు కలిపి అరవై నాలుగు కట్టించిందని కల్హణుడే లెక్క చెప్పాడు. వారసుణ్ణి ఎంచడానికి అన్నదమ్ముల పిల్లల ముందు పండ్లు కుప్పపోసి, ఎవరు ఎక్కువ తెస్తారో చూసింది. మిగతావాళ్లు కొట్టుకుంటుంటే సంగ్రామరాజు ఒంటి మీద దెబ్బ పడకుండా ఎక్కువ పండ్లు తెచ్చాడు. దిద్దా తర్వాత రాజయింది అతనే. గజనీ మహమ్మద్ రెండుసార్లు దండెత్తి వచ్చి లోహర కోటను గెలవలేక వెనుదిరిగింది అతని కాలంలోనే.